కెజియా కట్టిన ఇల్లు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు భయం కాదు, కోపం వచ్చేది. డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండ ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా నర్సమ్మగా తిరిగాను. జ్వరం వచ్చిన పిల్లకి గాలి సోకిందని ఎవరైనా అంటే వాళ్లతో వాదించి, పిల్ల వేలు గుచ్చి, రక్తం చుక్క గాజు పలక మీద రాసి పరీక్షకి పట్టుకెళ్లేదాన్ని. చనిపోయినవాళ్లు తిరిగి రారని చర్చిలో విన్నాను, ఉద్యోగంలో చూశాను.

ఇది చెబితే మతి చెడిందనుకుంటారని ఇన్నాళ్లూ ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను. ఎవరేమనుకున్నా పోయేదేమీ లేదు.

మా ఆయన ప్రకాశం అక్కడి బడిలో లెక్కల మాస్టారు. రెండు వేల మూడులో విశాఖపట్నంలోని ఆయన స్నేహితుడు కొత్త కంప్యూటర్ కొనుక్కుని పాతది మాకిచ్చేశాడు. దాంతోపాటు ఒక ఆట సీడీ కూడా వచ్చింది. అందులో కాల్పులు, కార్ల పందేలు ఉండవు. ఒక ఇల్లు కట్టాలి. అందులో మనుషుల్ని పెట్టి, వాళ్లకి వేళకి తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, నిద్రపుచ్చాలి. అంతే ఆట. మా ఒక్కగానొక్క కూతురు కెజియాకి అప్పుడు పదేళ్లు. దానికి ఆ ఆటే లోకమైపోయింది.

అందులో మా ముగ్గురినీ పెట్టింది. నాన్నకి మీసం, నాకు జడ, తనకి పసుపు గౌను. పక్కపక్కనే రెండు పడకగదులు కట్టి, ఒకటి మాకిచ్చి ఒకటి తను తీసుకుంది.

"నాన్నకి ఉద్యోగం పెట్టీసేను. నీకు పెట్టలేదమ్మా" అంది ఒకరోజు.

"ఏమే, నాకెందుకు పెట్టలేదు?"

"రోజూ కొండెక్కి ఎల్లిపోతావు గదా. ఇందులో ఇంటికాడే ఉండు."

నవ్వాను. పక్కన కూర్చుని చూడమని బతిమాలేది. కాళ్లు లాగుతున్నాయే, రేపు చూస్తాలే అనేదాన్ని. ఆ రేపు అన్న మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆ మరుసటి ఏడు ముసురు రోజుల్లో దానికి జ్వరం వచ్చింది. బడి నుంచి తడిసి వచ్చింది కదా, అదే అనుకున్నాను. మాత్ర వేసి, పక్కింటి ముసలామె బుద్రమ్మకి అప్పజెప్పి, నేను పై ఊళ్లకి జ్వరాలు చూడటానికి వెళ్లిపోయాను. రెండో రోజూ అంతే చేశాను. మూడో రోజు సాయంత్రం వచ్చేసరికి పిల్ల మాట తడబడుతోంది. వందల మంది వేళ్లు గుచ్చినదాన్ని, నా కూతురి వేలు గుచ్చలేదు.

జీపు మాట్లాడుకుని, వానలోనే ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం తీసుకెళ్లాం. మలేరియా అప్పటికే మెదడుకెక్కేసింది. డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. రెండో రోజు తెల్లారగట్ల పిల్ల పోయింది.

మా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కంప్యూటర్ మీద దుమ్ము తుడుస్తూ ఎందుకో దాన్ని ఆన్ చేశాను. మౌసు పట్టుకోవడం కూడా నాకు సరిగా రాదు. అవీ ఇవీ నొక్కగా నొక్కగా ఆట తెరుచుకుంది. కెజియా పసుపు గౌను వేసుకుని, హాల్లో నేల మీద బొమ్మలతో ఆడుకుంటూ కనిపించింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. అంతలో తెర కింద దాని ఆకలి చూపించే గీత ఎర్రబడింది. ఏడుపాపి, అన్నం ఎలా పెట్టాలో వెతికాను.

ఆ తర్వాత రోజూ ఒక పావుగంట కూర్చునేదాన్ని. స్నానం చేయించి పడుకోబెట్టి ఆపేసేదాన్ని. ఆ ఆటలో పిల్లలు పెరగరు. రోజూ బడికెళ్లి వస్తారు, అంతే. మా ఆయనకి చెప్పలేదు. ఉద్యోగపు అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని: ఆటలో ఏ వారం, ఎన్ని గంటలు, పిల్ల ఏం చేస్తూ ఉండగా ఆపాను.

కొన్నాళ్లకి ఆ రాత తప్పడం మొదలైంది. ఆటలో మంగళవారం రాత్రి పడుకోబెట్టి ఆపితే, మర్నాడు తెరిచేసరికి అందులో బుధవారం మధ్యాహ్నం అయి ఉండేది. పిల్ల బడికెళ్లి ఉండేది. నేనే తప్పు రాశాననుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం మందుల పెట్టె మర్చిపోయి ఇంటికొచ్చాను. తలుపు ఓరగా ఉంది. బడి భోజనం వేళకి ఇంటికొచ్చిన మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. టిఫిన్ క్యారియర్ పక్కనే ఉంది, మూత తీయలేదు.

"బేగి తినీ తల్లీ, బస్సొచ్చీసింది" అంటున్నారు తెరతో.

నేను లోపలికి వెళ్లలేదు. పెట్టె లేకుండానే తిరిగి వెళ్లిపోయాను. ఆ తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఆటలో పొద్దుట ఆయన తినిపించి బడికి పంపేవారు, రాత్రి నేను పడుకోబెట్టేదాన్ని. ఇద్దరం కలిసి ఒక పిల్లని పెంచుతున్నట్టే ఉండేది, మాట్లాడుకోకుండా.

ఇంతవరకు వింత ఏమీ లేదు. అసలు సంగతి ఇక్కడి నుంచి.

క్రిస్మస్‌కి ముందు మా అత్తగారికి బాగులేదని గుమ్మలక్ష్మీపురం వెళ్లి నాలుగు రోజులున్నాం. ఇద్దరం కలిసే వెళ్లాం, కలిసే వచ్చాం. మేం వెళ్లిన మర్నాడే గాలివానకి స్తంభాలు పడి మా వైపంతా కరెంటు పోయింది. మేం తిరిగొచ్చిన రోజు సాయంత్రం గానీ రాలేదు. తాళం చెవి బుద్రమ్మ దగ్గరుంది. ఆమెకి టీవీ పెట్టడం కూడా రాదు.

ఆయన సంతకి వెళ్లారు. కరెంటు రాగానే నేను ఆట తెరిచాను. పిల్ల మంచం మీద పడుకుని ఉంది. దాని గదికీ మా గదికీ మధ్య గోడలో ఒక తలుపు ఉంది.

అంతకుముందు అక్కడ తలుపు లేదు. రెండు నెలలుగా రోజూ చూస్తున్న ఇల్లు అది. ఆ తలుపు ఎవరికి కావాలో నాకొక్కదానికే తెలుసు.

ఎందుకంటే, ఆ రోజు జీపులో దాని తల నా ఒళ్లో ఉంది. ఆయన ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఉన్నారు. వాన హోరు. అది కళ్లు మూసుకునే, నా చెయ్యి పట్టుకుని, నాకే వినపడీ వినపడనట్టు అంది: "అమా, నీ గదికి తలుపు పెట్టడం మర్సిపోనాను. హాల్లోంచి సుట్టు తిరిగి రావాలంటే బయమేస్తంది. నువ్వు పెడతావా?"

"ఇంటికెళ్లాక పెడతానమ్మా" అన్నాను.

"బేగి పెట్టు" అంది. అవే ఆఖరి మాటలు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తలుపు ఎలా పెట్టాలో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ ఇంటి గోడల జోలికి పోయే ధైర్యం లేక నేర్చుకోలేదు.

ఆయన సంత నుంచి రాగానే అడిగాను. "తలుపు మీరు పెట్టారా?"

"ఏ తలుపు?" అని, నా మొహం చూసి సంచీ అక్కడే వదిలేసి వచ్చారు. తెర మీద ఆ తలుపు చూశారు. "నాకు అన్నం పెట్టడం, బస్సెక్కించడం తప్ప ఏటీ రాదు మణీ. గోడ ముట్టుకుంటే పిల్ల ఇల్లు పాడైపోద్దేమోనని భయం" అన్నారు.

అప్పుడు జీపులో మాట చెప్పాను. మూడు రోజులు జ్వరంతో వదిలేశానని కూడా నా నోటితో అప్పుడే మొదటిసారి అన్నాను. ఆయన నా తల పట్టుకుని, "నేనూ ఇంట్లోనే ఉన్నాను గదే" అని ఏడ్చారు. పిల్ల పోయాక మేమిద్దరం కలిసి ఏడ్చింది ఆ సాయంత్రమే.

ఏదీ మార్చకుండా ఆట ఆపేసి, విశాఖ స్నేహితుడు వచ్చేదాకా మళ్లీ తెరవలేదు. అతను వచ్చినప్పుడు కారణం చెప్పకుండా చూడమన్నాం. ఆ ఇల్లు ఆఖరిసారి మారిన తేదీ, మేం ఊళ్లో లేని మూడో రోజుది. కరెంటు లేని రోజు. లోపలి బ్యాటరీ పోతే గడియారం తప్పు చూపిస్తుందని అతను అన్నాడు. కావచ్చు. దుఃఖంలో నువ్వే పెట్టి మర్చిపోయి ఉంటావని పాస్టరుగారన్నారు. అదీ కావచ్చు. మా ఆయనే ముందు సీట్లోంచి విని, తలుపు పెట్టి, నాతో అబద్ధమాడారా అని కూడా ఆలోచించాను. ఆయన పోయి ఆరేళ్లయింది. చివరి రోజుల్లో మళ్లీ అడిగాను. లేదనే చెప్పారు.

బుద్రమ్మ మాత్రం ఏ కారణమూ వెతకలేదు. కెజియాని ఎప్పుడూ గుంట అనే పిలిచేది. "గుంట ఇల్లు గదమ్మా అది. దానికి తాళమెందుకు?" అంది.

ఆ వచ్చే వేసవిలో పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది. విశాఖ తీసుకెళ్లినా లోపలిదేదీ దక్కలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం వండలేదు.

ఎవరు పెట్టారన్నది నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. పెడతానని మాటిచ్చింది నేను. పెట్టింది మాత్రం నేను కాదు.