బడి మీద సొప్ప

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో బడి అంటే ఒకటే గది. నాలుగు గోడలు, పైన రేకులు. ఊళ్లో ఇళ్లన్నీ మట్టి మిద్దెలే కాబట్టి, రేకుల బడి అంటే అందరికీ గొప్పగా ఉండేది. శివరాత్రి దాటిందంటే మాత్రం మధ్యాహ్నం ఆ రేకులు ఎండకు టప్పు టప్పుమనేవి. కింద మేము తోటకూర కాడల్లా వాలిపోయేవాళ్లం.

పొద్దున చెప్పిన పాఠం నాకు ఇట్టే వచ్చేది. లెక్కలు మాత్రం అన్నాలు తిని వచ్చాక చెప్పేవారు. చేతి చెమటకు పలక మీద రాసింది రాసినట్టే చెరిగిపోయేది. ఒకరోజు సారు మా నాయనను పిలిచి, "ఈ పిల్లకు లెక్కలు ఎక్కవప్పా. ఏమడిగినా గుడ్లప్పగించి చూస్తాంది" అన్నారు.

ఆ సాయంత్రం మా నాయన, "బడి సాల్లే. రేపట్నుంచి పత్తి తీసేకి పోతాది" అనేశాడు. నేను అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే మా తాత తలెత్తి, "ఉగాది దాకా ఆగురా. అంత తొందర ఏందీ?" అన్నాడు. మా నాయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం తాత నాకు మజ్జిగ చెంబు తెచ్చి, "ఎండ మండిపోతాంది సారూ, రోంతసేపు ఈడ కూచుంటా" అని నా పక్కనే చతికిలపడ్డాడు. కాసేపటికే తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. సారు పలకతో విసురుకుంటున్నారు. వెనక వరసలో ఇద్దరు గోడకానుకుని నిద్రపోతున్నారు. తాత వాళ్లనూ చూశాడు, పైన రేకులనూ చూశాడు. ఆ తరువాత చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"సారూ, మీరే ఒక సాయం చేయల్ల. మా దొడ్లో తావు లేదు. రెండు బండ్ల జొన్న సొప్ప మీ రేకుల మీద పరుచుకుంటా."

"ఇది బడా, నీ గడ్డివామా పెద్దాయనా?" అని సారు నవ్వారు.

మా దొడ్డి సగం ఖాళీగానే ఉంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. తాత నా జడ పట్టి మెల్లగా లాగాడు. నోరు మూసుకున్నాను. పెద్దాయన అంతగా అడుగుతుంటే కాదనలేక సారు సరేనన్నారు.

సొప్ప మందంగా పరిచి, గాలికి లేవకుండా తాళ్లతో బిగించాక రేకుల చప్పుడు ఆగిపోయింది. గది మా మిద్దెంత చల్లగా కాకపోయినా, కూర్చుని వినగలిగేట్టు అయింది. కొద్ది రోజులకే ఎక్కాలు వాటంతటవే నోటికి వచ్చాయి. ఉగాదికి ముందే సారు మా ఇంటికొచ్చి, "మీ పిల్లకు బుద్ధి కుదిరిందప్పా" అని సంతోషంగా చెప్పి వెళ్లారు. తాత వక్క నములుతూ, "అంతా మీ దయ సారూ" అన్నాడు.

వానలకు ముందు ఆ సొప్ప దించితే చేతిలో పొడిపొడి అయింది. ఎద్దులు మూతి తిప్పుకున్నాయి. "రెండు బండ్ల మేత మట్టి చేస్తివి కదా నాయనా!" అని మా నాయన కేకలేశాడు. తాత అరుగు మీద గట్టిగా పన్నెండో ఎక్కం చెప్పుకుంటున్న నా వైపు చూశాడంతే. మా నాయన కూడా చూశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరుసటి ఏడు సొప్ప బండి బడి దగ్గరికి తోలింది మా నాయనే.

నేను చదివింది ఐదో తరగతి వరకే. అయినా మా ఇంట్లో ఏ పిల్లవాడినైనా మొద్దు అంటే ఇప్పటికీ ఊరుకోను. వాడు చదువుకునే చోటికి పోయి, ముందు నేను కాసేపు కూర్చుంటాను.