తోడికోడలికి పడని మాత్ర

మాది పీలమేడు, నూలు మిల్లుల ఊరు. మా ఆయనా, మరిదీ, అన్నదమ్ములిద్దరూ మిల్లుకు పోయేవారు. ఇంట్లో నేను, నా తోడికోడలు, అత్త. నేను చదివింది మూడో తరగతి దాకానే, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఒక ఎండాకాలం తోడికోడలికి జ్వరం వచ్చింది. మరిది మిల్లు ఆస్పత్రి నుంచి తెల్ల మాత్రలు తెచ్చాడు. అవి కడుపులో పడ్డాయో లేదో, మెడ నుంచి కాళ్ళ దాకా ఎర్రగా పొక్కింది. అత్త చూడగానే అమ్మవారు పోసిందని చెంపలు వేసుకుంది.

"మారియమ్మ వచ్చిండాది! మందూ మాకూ ఆపండి. వాకిట్లో వేపాకు కట్టండి."

ఇక తోడికోడలు వేపాకు పరుపు మీద పడుకుంది. అత్త ఆమెకు చేతులు జోడించేది, విసనకర్రతో విసిరేది, కొబ్బరి నీళ్ళు తాగించేది. ఆ చేత్తో నాకు మంచినీళ్ళయినా అందిన గుర్తు లేదు. మిల్లు సంగు, అదే సైరను, ఊదేలోపల ఇద్దరి క్యారియర్లూ నేనే కట్టాలి, రుబ్బురోలూ నాదే. కొన్నాళ్ళకు ఎరుపు దిగిపోయింది. మిగిలిన మాత్రలు పారెయ్యనిచ్చానా? ఆవాల డబ్బాలో దాచాను.

ఎండలు తగ్గి, అమ్మవారి నెల ఆడి వచ్చాక నాకూ జ్వరం తగిలింది. ఆ మాత్రలే మింగి, చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఒక్క పొక్కు లేదు. తెల్లారేసరికి ఒళ్ళు చల్లబడింది.

"జ్వరం దిగిండాది గదా, లేయే, పిండికి నానిండాది" అంది అత్త.

అమ్మవారి కంటికి కూడా నేను ఆనలేదు.

తర్వాత తోడికోడలికి మళ్ళీ జ్వరం, మళ్ళీ మిల్లు ఆస్పత్రి నుంచి అవే మాత్రలు, సాయంత్రానికి మళ్ళీ ఎరుపు. ఈసారి పెదవులు కూడా వాచాయి. అత్త వేపాకు కోసం లేచింది. నాకు మండిపోయింది.

"ఏమత్తా, అమ్మవారికి ఈమె దగ్గరికొచ్చే దోవ ఒకటే తెలుసునా? ఆ మాత్ర మింగినప్పుడంతా వస్తుందే! అమ్మా కాదు, ఏమీ కాదు. మాత్ర!"

"వదినె చెప్పేది నిజమేమో" అని మరిది ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఈ మందు ఆమెకు పడదు, ఇంకోసారి మింగితే ప్రాణానికే ముప్పు అన్నాడట డాక్టరు.

వేపాకు పరుపు ఇక ఉండదు, రేపు రోటి దగ్గర ఆమె కూర్చుంటుంది, నేను ఒక పూట నడుం వాలుస్తాను అనుకున్నాను. అత్త ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది.

"పావం, పూవంటి ఒళ్ళు. ఇంక దీన్ని పొయ్యి దగ్గరకి పంపకండి."

"మరి నేనో?"

"నీకేమే, రాయి మింగినా అరుగుతుంది!"

పిండి రుబ్బడానికి లేచాను.

ఇప్పటికీ ఏ డాక్టరైనా "నీకు పడని మందు ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగితే, అన్నీ పడతాయని చెప్పడానికి నాకు నోరు రాదు.