బండ తల కనబడిన రోజు

మా ఇంటికి పద్దెనిమిదేళ్లు పాలు పోసిన అత్త చనిపోయింది. వాగులో కొట్టుకుపోయిన రెండో రోజు, దిగువన చెరకు తోటలో దొరికింది. మాకు చుట్టమేమీ కాదు. వీధంతా ఆమెను అత్తా అనే పిలిచేవాళ్లం.

మా ఏర్పేడు అవతల, వాగు దాటితే ఆమె ఊరు. పొద్దున్నే చప్టా మీద, వాగుకు అడ్డంగా పోసిన సిమెంటు దారి మీద, నడిచి వచ్చేది. క్యాను మూతి కొంగుతో తుడవనిదే పాలు వంచేది కాదు. నేను జ్వరంతో పడుకున్న వారమంతా తనే పాలు కాచి, మూత పెట్టి వెళ్లింది. ఒకసారి మా ఆయన, "ఏమత్తా, పాలల్లో నీళ్లు ఎక్కువైనట్టుండాయే?" అన్నాడు. "వాగు దాటి వస్తా ఉండా గదప్పా, నన్నడక్కుండా అదే వచ్చి కలిసిందేమో" అనింది. నా వంటింటి డబ్బాలకు అతికించిన చీటీలు చూసి, "మీ ఆయనకీ ఒకటి అతికించు మ్మే, యాడన్నా పారేసుకుంటావు" అని నవ్వేది.

చప్టా పక్కన, వాగులో, బట్టలుతికే బండ ఒకటి ఉంది. దాని తల కనబడితే చప్టా మీద నీళ్లు మోకాలి లోతే, దాటొచ్చు. మునిగితే ఎవరూ దిగరు. ఆ ఊరివాళ్ల గుర్తు అది. "వాన సంగతి నీకు టీవీ సెప్తాది, నాకు బండ సెప్తాది" అనేది.

ఈ కార్తీకంలో ఐదు రోజులు వదలకుండా వాన. ఐదో రోజు పొద్దున పాలు పోసి, మా వరండాలో తల తుడుచుకుంటుండగా ఆమె కోడలు నాకు ఫోన్ చేసింది. కొట్టంలోకి నీళ్లు వస్తున్నాయి. చూలు ఆవు కట్టు మీద ఉంది. మెడకు కట్టిన పలుపుతాడు తడిసి ముడి బిగుసుకుపోయింది, తన చేతికి రావడం లేదు. చూలు ఆవు పలుపు కోస్తే కీడని వాళ్లింట్లో కొయ్యరు, విప్పాల్సిందే.

"ఉండత్తా, వాన తగ్గనీ" అన్నాను.

"ఆ ముడి ఏసింది నేను మ్మే. నేనే విప్పాల. బండ కనపడతా ఉండాదేమో అడుగు."

అడిగాను. కోడలు వాకిట్లోకి వెళ్లి చూసి, "తల కనపడతా ఉండాదక్కా" అంది. ఆ మాట అత్తకు చెప్పింది నేనే.

కోడలు చూసింది నిజమే. కానీ పొద్దున ఆమె దాటి వచ్చాక, ఆ ఎర్ర నీళ్ల కింద చప్టా నడుమ తెగిపోయిందని ఒడ్డున ఎవరికీ తెలియలేదు. చీర ఎగ్గట్టి, బండ మీదే చూపు పెట్టి నడిచిందట. సగం దాటాక కాలి కింద చప్టా లేదు.

ఆవు బతికింది. తర్వాత కోడలే ఏడుస్తూ కొడవలి తెచ్చి పలుపు కోసేసింది. ఇంట్లో ప్రతిదానికీ ముందే ఒక దారి ఆలోచించి పెట్టుకునే నాకు, "కోసెయ్యమ్మా" అన్న ఒక్క మాట ఆ పొద్దు తోచలేదు.

పదకొండో రోజు దినానికి వెళ్లాను. వాగు చీలమండల లోతుకు తగ్గింది. చప్టా తెగిన చోట ఇసుక మూటలు పరిచారు. నాతో వచ్చిన ఆడవాళ్లు ఒడ్డున ఆగి, చీరలు కాస్త ఎత్తుకుని, ముందు బండ వైపు చూశారు. అది నడుము దాకా బయటపడి ఎండకు ఆరుతూ ఉంది. నేనూ చూశాను. చూశాకే కాలు పెట్టాను.