కొండల్ తాత కొట్టి చూడనిదేదీ లేదు

కొండల్ తాత దేన్నీ కొట్టి చూడకుండా నమ్మడు. బొగ్గుబాయిలో ఆయన పని అదే. పైకప్పును ఇనుప మొన ఉన్న కర్రతో కొట్టి, చప్పుడు విని, దాని కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పడం. తాత రిటైరయ్యాడు గానీ కర్ర కాలేదు. కుర్చీని కొట్టి కూర్చుంటాడు. పుచ్చకాయను కొట్టి కొంటాడు. డాక్టరు బల్లను కొట్టి, ఆయన మాట నమ్మాలో లేదో తేల్చుకుంటాడు.

మందమర్రి క్వార్టర్లలో మేం దిగిన రోజు, పక్కింటి నుంచి వచ్చి మా పాప వీపు మీద వేలితో కొట్టి చూశాడు. చటుక్కున పాపను నా దగ్గరికి లాక్కున్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పిల్ల గట్టిగున్నది."

తర్వాత తలెత్తి మా స్లాబు వంక చాలాసేపు చూశాడు. ఆయన వెళ్లగానే పాప ఉయ్యాలను ఆ గదిలోంచి మార్చేశాను.

తాతకు షుగరు. ఇన్సులిన్ సూది వేసుకునే ముందూ ఇదే తంతు. తన పొట్ట మీద అక్కడక్కడా కొట్టి, మెడ వంచి వింటాడు.

"గీడ గడ్డకట్టింది. గీడ పొడిస్తే మందు పని చెయ్యది. జర పక్కకు జరగాలె."

"తాతా, గడ్డ చప్పుడుకు తెలియదు. వేలితో తడిమి చూడాలి," అన్నాను. నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను.

"నువ్వు తడుము. నేను చెవుతోటి ఇంట."

పొద్దు గూకేదాకా ఇదంతా నవ్వులాటే.

మాది వరసలో నడిమి ఇల్లు. ఎడమవైపు తాత. కుడివైపు చంద్రవ్వ, ఒంటరి మనిషి, బయట కనబడడమే అరుదు. మా ఆయన రాకేశ్ రెండో షిఫ్టుకు బాయి దిగాక, రోజూ దీపం పెట్టే వేళకు మా ఎడమ గోడ టక్ టక్‌మనేది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత కుడి గోడ టక్ టక్‌మనేది. నడుమ మా గదిలోంచి ఎవరో నడిచి వెళ్లినట్టే ఉండేది. పాప ఆట ఆపి, ఈ గోడ నుంచి ఆ గోడకు మెల్లగా తల తిప్పేది. ఆ నడిచే మనిషి దానికి కనబడుతున్నట్టు.

ఎండకు కాగిన గోడ చల్లబడుతూ చప్పుడు చేస్తుందని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. కానీ చల్లబడే గోడ జవాబు కోసం ఆగదు కదా.

తాతనే అడిగాను.

"అటు దిక్కు ఎవరన్న ఉన్నరా అని అడుగుతున్న బిడ్డా."

"ఉన్నారా?"

"నిన్నటిదాక ఉన్నరు."

ఇల్లు మారదామని రాకేశ్‌తో చెప్పేశాను.

"పొట్టతోనే ముచ్చట పెట్టే మనిషి, గోడతోటి పెట్టడా?" అని నవ్వాడు.

ఆ శనివారం ఎడమ గోడ పలికింది. కుడి గోడ పలకలేదు. ఎడమ గోడ మళ్లీ పలికింది, ఈసారి సున్నం రాలేలా. పాప కుడి గోడ నుంచి చూపు తిప్పడం లేదు. ఇన్నాళ్లూ నేను భయపడిన చప్పుడు, ఇప్పుడు రాకపోతే ఇంకా భయమేసింది. అంతలో మా తలుపు దబదబా మోగింది. తాత, చెప్పుల్లేకుండా, చెమటతో.

"చంద్రవ్వ పలుకుతలేదు! సూది ఏసుకొని బువ్వ తినలే! నడువు!"

పాపను చంకనేసుకుని పరిగెత్తాను. చంద్రవ్వ వెనక తలుపు తీసే ఉంది. లైటు వేయని వంటింట్లో, ముట్టని కంచం ముందు కూర్చుని, మూలకు చూస్తూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. జాకెట్టు తడిసి ముద్దయింది. చేయి చల్లగా ఉంది. "అవ్వా" అంటే నావైపు తిరిగింది, నా వెనక ఇంకెవరో ఉన్నట్టు.

షుగరు పడిపోయిందని అర్థమైంది. మింగగలుగుతోందని చూసుకుని, చక్కెర నీళ్లు గుక్కగుక్కగా తాగించాను. తాత గడపలో వణుకుతూ నిలబడి అసలు సంగతి చెప్పాడు. సూది పడితే ఇక మనిషి పని అయిపోయినట్టేనని చంద్రవ్వ మొండికేసిందట. ఈయన వాడకట్టంతా వినేలా తిట్టాడట. ఆమె సూది మొదలుపెట్టింది, ఈయనతో మాట మానేసింది.

"తిన్నవా అంటే పలుకది. గోడ మీద కొడితే, తిన్నంక తిరిగి కొడతది. గదే మాట్లాడుడు."

మెల్లగా ఆమె చూపు నిలిచింది. తాతను చూసి, మొహం తిప్పుకుని నాతో అంది:

"గా మనిషి వణుకుతుండు, నీకు కనబడ్తలేదా? సూది ఏసుకొని తినకుంట ఉరికొచ్చిండు. ఆయనకు గూడ గన్ని చక్కెర నీళ్లు పొయ్యి, బువ్వ పెట్టు."

తాత వణుకు భయం వల్లేననుకున్నాను. అది భయం ఒక్కటే కాదు. ఆయనకూ చక్కెర నీళ్లు తాగించి, రెండో కంచం పెట్టాను. తాత రెండు ముద్దలు మింగి, నావైపు తిరిగాడు.

"పప్పుల ఉప్పు ఎక్కువైందని చెప్పు."

"నచ్చకుంటే లేవుమని చెప్పు," అంది చంద్రవ్వ, తన కంచంలో బువ్వ కలుపుకుంటూ.

ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. నేను ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేస్తూ, రెండు కంచాలూ ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.