కార్‌పార్క్‌లో పగిలిన గుమ్మడికాయ

ఈ పరాయి దేశంలో మా సెంగ్‌కాంగ్ పేట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపంటే నాకు ఒళ్ళుమంట. పొద్దున్నే గులాబీ పువ్వులు, మధ్యాహ్నం గోంగూర ఎక్కడ దొరుకుతుందన్న వాకబు, సాయంత్రానికి ఎవరో ఒకరి మీద పడి పీక్కుతినడం. అయినా అందులోంచి బయటికి రాను. గంటకోసారి తెరిచి చూస్తాను. నా బుద్ధీ అంతే.

ఆ ఆదివారం గ్రూపులో ఒక ఫొటో పడింది. మా బ్లాకు పక్కన కార్‌పార్క్, మూడో అంతస్తు, సిమెంటు నేల మీద ఎర్రటి మడుగు. ఏరియా ఫేస్‌బుక్ పేజీలో ఎవరో పెట్టి, రక్తమా, పిల్లిని చంపారా అని అడిగారట. ఇంకొకరు చేతబడి అన్నారట. దాని కింద ఒకటే కొట్లాట.

రక్తం కాదు. అది మా గుమ్మడికాయ.

ఆ పొద్దున్నే మా కొత్త కారుకు దిష్టి తీశాం. ఈ దేశంలో కారు కొనడం మామూలు మాట కాదు, పర్మిట్టుకే బోలెడు కట్టాలి, మా ఆయన ఎన్నేళ్ళుగానో కలలు కన్నాడు. తెనాలిలో మా అత్తగారు ఇంకా తెల్లవారకుండానే తలస్నానం చేసి, వీడియో కాల్లో కూర్చుని మొత్తం నడిపించారు. బూడిద గుమ్మడికాయకు చిల్లు పెట్టి, లోపల కుంకుమ నీళ్ళు పోసి, పైన కర్పూరం వెలిగించి, కారు ముందు మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాడు మా ఆయన. కడిగేద్దామని నేను బకెట్టు కూడా తెచ్చుకున్నాను. ఫోన్లోంచి అత్తగారు ఒక్క కేక పెట్టారు.

"ముట్టుకోకు! దిష్టి తీశాక వెనక్కి తిరిగి చూడకూడదు. బండెక్కి పొండి!"

బండెక్కి పోయాం. వెనక్కి చూడలేదు. గుళ్ళో పులిహోర తిని తిరిగొచ్చేసరికి ఈ ఫొటో.

ఇక గ్రూపు చూడాలి! బ్యాంకులో పనిచేసే ఒకాయన "మన సంస్కృతి, మన హక్కు" అని మూడు భాగాల వ్యాసం రాశాడు. "ఇలాంటివాళ్ళ వల్లే తెలుగువాళ్ళ పరువు గంగలో కలుస్తోంది" అని ఇంకొకాయన. "మా తెలంగాణ వాళ్ళు ఇట్ల చెయ్యరు" అని ఒకావిడ, "ఆహా, మీవాళ్ళు గుమ్మడికాయే కొట్టరు పాపం" అని ఇంకొకావిడ. మధ్యలో ఎవరో ఒక్క ముక్క రాశారు: క్లీనర్ ఆంటీ దాని మీద జారిపడింది, అంబులెన్స్ వచ్చింది. దానికి ఒక్కరూ జవాబివ్వలేదు. దాని కిందే మళ్ళీ సంస్కృతి, పరువు. ఛీ, వీళ్ళూ మనుషులేనా అనుకున్నాను.

అనుకుని నేనేం రాశానో తెలుసా? "ఎవరు చేసినా తప్పే. కాస్త బాధ్యత ఉండాలి" అని. పద్దెనిమిది మంది బొటనవేళ్ళెత్తారు. తేలు కుట్టిన దొంగలా ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను.

ఆ ఆంటీ నాకు తెలుసు. తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబం, మాటలో సగం అరవం. ఒకసారి లిఫ్టులో నేను మా అమ్మాయిని తిడుతుంటే విని, "మీరు తెలుగా తల్లీ!" అని నా చెయ్యి పట్టుకుంది. అప్పట్నుంచి ఎప్పుడు కనిపించినా "సాపాటు ఆయెనా?" అని అడగకుండా వదిలేది కాదు. తెలుగువాళ్ళ పరువు గురించి అంత రాసిన గ్రూపులో ఆవిడ తెలుగుదని ఎవరికీ తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు.

వారం తర్వాత కింది అంతస్తు ఆవిడ చెప్పింది. ఆంటీ మణికట్టు విరిగిందట. ఫేస్‌బుక్ గొడవ చూసి, నేల ముందే కడగకపోవడం ఆవిడ తప్పేనని కాంట్రాక్టరు తేల్చాడట. అది ఎవరి పనో తెలిస్తే ఆవిడ మీద మాట రాదు. తెలియలేదు కాబట్టి వచ్చే నెల నుంచి పనిలోకి రావద్దన్నారట.

"నోరు మూసుకుని ఊరుకో," అన్నాడు మా ఆయన, వెళ్ళి ఒప్పుకుందామంటే. "ఫైనుకు కాదు నేను భయపడేది. రేపు గ్రూపులో తలెత్తుకోగలమా?"

"ఆ గ్రూపులో తలెత్తుకోడానికా ఆవిడ పని పోగొట్టేది? సిగ్గులేదూ!" అని అరిచాను. సిగ్గులేనిది నాకూ కదా.

మర్నాడు మా బ్లాకుల బాగోగులు చూసే ఆఫీసుకెళ్ళి రాసిచ్చాను: గుమ్మడికాయ మాది, కడగకుండా పోయింది మేము. ఫైను వస్తుందన్నారు. ఆంటీని తీసెయ్యరని కూడా చెప్పారు. బయటికొచ్చి గ్రూపులో కూడా పెట్టాను, ఆ గుమ్మడికాయ మాదేనని. తర్వాత వ్యాసం రాసినాయన అడిగాడు: "అయ్యో, అన్నేసి మాటలు పడ్డారు కదమ్మా. కారుకేం కాలేదుగా?" ఫోను విసిరికొడదామన్నంత రోత పుట్టింది.

కానీ లోపల చిన్న గర్వం కూడా ఉంది, దాచడం ఎందుకు. నేను వాళ్ళలాంటిదాన్ని కాదని. ఆ గర్వంతోనే ఆంటీని వెతుక్కుంటూ వెళ్ళాను. బ్లాకు కింద రాతిబల్ల దగ్గర చేతికి కట్టుతో కూర్చుని ఉంది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నాకు తెలుసు తల్లీ," అంది. "ఆ పొద్దున లిఫ్టులో గుమ్మడికాయ ఎత్తుకుని పోతా ఉంటిరి కదా, చూసినా."

"మరి వాళ్ళు అడిగినప్పుడు చెప్పలేదేం?"

"కొత్త బండి. మంచి నాళు. నా నోట మీ మాట వచ్చి గొడవైతే, తీసిన దిష్టి మళ్ళా బండికే పోదా?" అంది. మంచి చేత్తో బల్ల మీద చోటు చూపించి నన్ను కూర్చోమంది. "బండి బాగా పోతా ఉందా?"

బాగానే పోతోందన్నాను. అప్పటిదాకా నేను ఆవిడను చెయ్యి ఎలా ఉందని అడగలేదు.