భుజం మీద రబ్బరు ముక్క

కాపలా ఉద్యోగంలో ఆయనకిచ్చిన పాత తుపాకీకి, భుజానికి ఆనించే మడమ మీద ఇనుప రేకు ఉండేది. అరిగి అరిగి అద్దంలా నున్నబడింది. ఏటా జరిగే కాల్పుల పరీక్షలో అది జర్రున జారేది, గురి తప్పేది. రేకుకు రబ్బరు అతికిస్తానంటే ఆఫీసరు గయ్యిమన్నాడు. తుపాకీ ఆఫీసుదట, గోరంత కూడా మార్చకూడదట.

"తుపాకీ వాళ్లదైతే భుజం ఎవరిది?" అని విసుక్కుంటూ భార్య సైకిల్ ట్యూబు ముక్క కోసి, చొక్కా కుడి భుజానికి కుట్టింది. ఆ ఏడు తుపాకీ కదిలితే ఒట్టు.

రిటైరయ్యాక తుపాకీ అప్పగించేశాడు, చొక్కా మిగిలింది. బస్సెక్కితే ఆవిడ పట్టుబట్టి ఆయనకు కుడివైపే కూర్చుని, ఆ రబ్బరు మీద తల ఆనించి కునుకు తీస్తుంది. ఎన్ని గతుకులొచ్చినా తల జారదు.

"తుపాకీకని కుట్టింది నీకు పనికొచ్చిందే" అన్నాడొకసారి.

"తుపాకీకని ఎవరన్నారు?" అంది, కళ్లు తెరవకుండానే.