స్ట్రిప్ మీద మసక గీత

2022లో నేను దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి టీబీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. టీబీ క్రిమి ఏ మందుకు లొంగడం లేదో దాని జీన్లను బట్టి చెప్పే ఎల్‌పీఏ పరీక్ష నా పని. ఫలితం సన్నని స్ట్రిప్ మీద గీతలుగా కనబడుతుంది.

స్రవంతిది వరంగల్. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది. రెండు నెలలు మందులు వాడినా కఫంలో క్రిములు పోలేదు. ఆమె స్ట్రిప్ మీద ఇన్‌హెచ్‌ఏ అనే జీన్ దగ్గర ఉండకూడని గీత ఒకటి కనీకనిపించనట్టు ఉంది.

టీబీ క్రిమి చుట్టూ మైనంలాంటి కొవ్వు గోడ ఉంటుంది. ఆ కొవ్వు తయారీకి కావలసిన ఎంజైమ్‌ను ఇచ్చేది ఈ జీనే. ఐసోనియాజిడ్ మందు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. జీన్‌కు ముందున్న భాగంలో చిన్న మార్పు వస్తే ఎంజైమ్ విపరీతంగా తయారై, మందు చాలకుండా పోతుంది. ఆ మార్పు ఉంటేనే ఈ గీత పడుతుంది.

"ఇంత మసక గీత లెక్కలోకి రాదు. మందు పనిచేస్తుందని రాసెయ్" అన్నారు మా ఇన్‌ఛార్జి. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే.

"మరి ఈ అమ్మాయికి ఎందుకు తగ్గలేదు సర్? ఇంకో శాంపిల్ తెప్పించి, కల్చర్ పెట్టి చూస్తాను."

ఆయన స్ట్రిప్‌ను మళ్లీ చూసి, "ఠీక్ హై. బాధ్యత నీదే" అన్నారు.

ఫోన్ చేస్తే మర్నాడే వచ్చింది స్రవంతి. మాస్కు పైన కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. నేను తెలుగులో పలకరించగానే కుర్చీలో కూలబడింది.

"మందులు ఒక్క పూట కూడా తప్పలేదక్కా. డాక్టర్ సాబ్ నమ్ముతలేడు. నేను ఎగ్గొడుతున్న అనుకుంటున్నడు."

"నేను నమ్ముతున్నానమ్మా. అందుకే మళ్లీ పిలిచాను."

కల్చర్‌లో క్రిములు పెరగడానికి మూడు వారాలు పట్టింది. వాటితో మళ్లీ పరీక్ష చేస్తే ఈసారి స్ట్రిప్ మీద ఆ గీత నల్లగా, స్పష్టంగా పడింది. మొదటి శాంపిల్‌లో రెండు రకాల క్రిములూ కలిసి ఉండటంతో గీత మసకగా వచ్చింది; ఈలోగా మందుకు లొంగేవి చచ్చి, తట్టుకున్నవే మిగిలి పెరిగాయి. ఇన్‌ఛార్జి రిపోర్టు మీద సంతకం చేశారు. డాక్టర్ ఐసోనియాజిడ్ ఆపి మందులు మార్చారు. రెండు నెలలు తిరిగేసరికి కఫంలో క్రిములు లేవు.

చికిత్స ముగిశాక ఆమె ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చింది. "డాక్టర్ సాబ్ సారీ చెప్పిండక్కా" అంది. రోగం తగ్గిన సంతోషం కంటే ఆ మాట అంటున్నప్పుడే ఆమె ముఖం ఎక్కువ వెలిగింది.

మా ఫారంలో అనుమానం రాయడానికి గడి లేదు. అప్పటినుంచి నేను మార్జిన్‌లో రాస్తున్నాను, డాక్టర్‌కు ఫోన్ కూడా చేస్తున్నాను. ఇప్పుడు మా ల్యాబ్‌లో అందరూ అలాగే చేస్తున్నారు.